గానీ

నవంబరు, గురువారం, సాయంత్రం ఏడు.
స్విండన్‌లో మా వార్డు కమ్యూనిటీ హాలు.
హీటరు టిక్కుటిక్కుమంటుంది తప్ప వెచ్చబడదు.
నా పని మినిట్స్ రాయడం.
ఎవరేమన్నారో కాదు,
ఏమన్నట్టు ఉంటే బాగుంటుందో అది రాయడం.
పదకొండేళ్లుగా రాస్తున్నాను, చెయ్యి తిరిగింది.

ఈసారి విషయం మూతబడ్డ బింగో హాలు.
దాన్ని పద్దెనిమిది గదులుగా మారుస్తారట,
కౌన్సిలు హోముల్లో పెరిగి
పద్దెనిమిదో పుట్టినరోజు దాటగానే
బట్టల సంచీ చేతికిచ్చి పంపేసిన పిల్లలకి.

ముందు మిసెస్ హాబ్డే లేచింది.
కోటు మీద ఎర్రటి కాగితం పువ్వు,
జేబులో కుక్క బిస్కెట్ల గలగల.
"నేనట్లాంటి మనిషిని కాను, గానీ"
అంది.

అన్నది ఇంగ్లీషులోనే.
నాకు మాత్రం అది గానీ అనే వినపడింది.
రెండక్షరాలు.
తలుపు గడియ కూడా అంతే ఉంటుంది.

తర్వాత వరసగా
పాపం పిల్లలే గానీ,
ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే గానీ,
మా అబ్బాయీ ఆ వయసువాడే గానీ.
నేను రాసుకున్నాను:
"నివాసితులు కొంత ఆందోళన వ్యక్తం చేశారు."

వెనక వరసలోంచి కోదండపాణి గారు చెయ్యెత్తారు.
ఇరవై ఆరేళ్ల కింద ఇదే వీధిలో ఇల్లు అద్దెకడిగితే
మీ పోపు వాసన గోడలకి పడుతుందన్నారని
ప్రతి ఉగాదికీ నవ్వుతూ చెబుతారాయన,
పచ్చడి గిన్నె చేత్తో పట్టుకుని.
మేమూ నవ్వుతాం.
ఈ రోజు టై కట్టుకొచ్చారు.
"వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో తెలియదు కదా" అన్నారు.
మిసెస్ హాబ్డే వెనక్కి తిరిగి తలూపింది.
ఇన్నేళ్లలో ఆవిడ ఆయన వైపు తలూపడం
నేను చూడ్డం ఇదే మొదలు.
ఆయన మొహం చూడాలి అప్పుడు!

పెన్ను ఆగింది నాది.
ఎలాంటివాళ్లో.
కాకినాడలో మా వంటింటి గుమ్మం దగ్గర
నా స్నేహితురాలు మరియమ్మ మంచినీళ్లడిగితే
మా అమ్మ మెల్లగా, ఎంతో మెల్లగా,
"మంచి పిల్లేనే గానీ, ఆ స్టీలు గ్లాసొద్దు" అంది.
నేను గాజు గ్లాసు తెచ్చాను.
గాజుదే అందంగా ఉందని మరియమ్మ మురిసిపోయింది.
ఆ పూట మినిట్స్ ఎవరూ రాయలేదు.
రాసుంటే నేనే రాసేదాన్ని,
"అతిథికి నీళ్లు ఇవ్వబడినవి" అని.

ఓటింగు.
వద్దని ఏడు చేతులు, కావాలని నాలుగు.
ఇంకొకాయన చెయ్యి దగ్గుకి అడ్డం లేచింది, లెక్కలోకి రాదు.
కారణం రాయమన్నారు. రాశాను:
పార్కింగ్ ఇబ్బంది.
ఆ పద్దెనిమిది మందిలో
ఒక్కరికి సైకిలైనా ఉందో లేదో
ఎవరూ అడగలేదు. అడగమని నేనూ అనలేదు.

కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూరుస్తుంటే
తలుపు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది.
తడిసిన హుడీ,
నాలుగు మడతలు పెట్టిన కాగితం చేతిలో.
మాట్లాడ్డానికి పేరిచ్చిందట, టెగన్ ప్రోబర్ట్.
జాబితాలో ఉంది, చివర్న.
పిలిచాం కూడా, రెండుసార్లు.
బస్సు రాలేదంది.
"అయిపోయిందా?"

"అయిపోయింది, గానీ" అన్నాను.

ఆ పిల్ల ఎదురు చూసింది
మిగతా వాక్యం కోసం.
నేనూ చూశాను.
హీటరు ఆపేసినా టిక్కుమంటూనే ఉంది.
పళ్లెంలో రెండు బిస్కెట్లు మిగిలితే అటు జరిపాను.
ఒకటి తీసుకుని, రెండోది నా వైపే నెట్టి,
కాగితం మడత విప్పి
బల్ల మీద అరచేత్తో సాపు చేసింది.

పెన్ను మూత తీశాను.